మీకు తెలుసా? డాక్టరు కంటే ముందే మీ ఎక్స్‌రే చూసేదెవరో!

ఎక్స్‌రే తీయించుకున్నాక ఫిల్మ్‌ను ట్యూబ్‌లైటు వైపు ఎత్తి పట్టుకుని ఒక్కసారైనా చూడకుండా ఉండలేం. మనకేమీ అర్థం కాదు, అయినా చూస్తాం. ఇప్పుడు చాలాచోట్ల రేడియాలజిస్టు కంటే ముందే ఆ బొమ్మను ఒక సాఫ్ట్‌వేర్ చూసేస్తోంది. అది దేన్ని ఇట్టే పట్టేస్తుంది, ఎక్కడ బోల్తా పడుతుంది, మన ఊరి పేషెంటుకు దానివల్ల ఒరిగేదేమిటి? వైద్యంలో ఏఐ చూపు గురించి కొన్ని ఆసక్తికరమైన సంగతులు.

స్కాన్ అంటే అంకెల పట్టిక

సీటీ స్కాన్‌లో తెలుపు, నలుపు, బూడిద రంగులు మన కంటి కోసం వేసినవి. వాటి వెనక ఉన్నవన్నీ అంకెలే. నీటికి 0, గాలికి మైనస్ 1000. కొవ్వు మైనస్ 100 దగ్గర ఉంటుంది, గట్టి ఎముక వెయ్యి చుట్టుపక్కల తేలుతుంది. ఈ కొలతకు హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ అని పేరు. బ్రిటన్‌లో ఈఎంఐ కంపెనీ ఇంజినీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో 1971 అక్టోబరు 1న లండన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలిసారి ఒక రోగి మెదడును స్కాన్ చేశారు. మన పాత సినిమా పాటల రికార్డుల మీద కుక్కబొమ్మతో కనిపించే హెచ్‌ఎంవీ కూడా ఈ ఈఎంఐ కుటుంబానిదే! హౌన్స్‌ఫీల్డ్‌కు, ఆలన్ కార్మాక్‌కు కలిపి 1979లో నోబెల్ వచ్చింది.

ఆ వేల ఛాయలను మన కన్ను ఒకేసారి విడదీయలేదు. అందుకే రేడియాలజిస్టు ఊపిరితిత్తులకు ఒకలా, ఎముకలకు ఒకలా వెలుగు సర్దుకుంటూ అదే స్కాన్‌ను మళ్లీ మళ్లీ చూస్తారు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ అంకెలతోనే నేరుగా పని కానిస్తుంది.

ఆలోచన కొత్తది కాదు, 1963 నాటిది

అమెరికా రేడియాలజిస్టు గ్విలిమ్ లాడ్విక్ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్స్‌రేల్లో కనిపించే లక్షణాలను అంకెల కోడ్‌గా మార్చి కంప్యూటర్‌తో విశ్లేషించే పద్ధతిని 1963లోనే ప్రచురించారు. అప్పట్లో చూసే పని మనిషిది, లెక్క కట్టే పని యంత్రానిది. 1980ల్లో చికాగో విశ్వవిద్యాలయంలో కునియో డోయి బృందం బొమ్మనే కంప్యూటర్ చేత చూపించే ప్రయత్నం గట్టిగా మొదలుపెట్టింది.

అసలు మలుపు 2012లో వచ్చింది. దాదాపు 12 లక్షల మామూలు ఫొటోలను వెయ్యి రకాలుగా గుర్తుపట్టే ఇమేజ్‌నెట్ పోటీలో టొరంటో బృందం తయారుచేసిన అలెక్స్‌నెట్ మిగతావాటిని చాలా దూరం వెనక్కి నెట్టింది. కుక్కలనూ కార్లనూ గుర్తుపట్టడంలో ఆరితేరిన ఆ పద్ధతినే ఆ తర్వాత కొద్ది ఏళ్లలో కంటి ఫొటోలకూ ఛాతీ ఎక్స్‌రేలకూ మళ్లించారు.

పావురాలు కూడా క్యాన్సర్‌ను పట్టాయి!

ఇది జోక్ కాదు. 2015లో అమెరికా పరిశోధకులు పావురాలకు రొమ్ము కణజాలపు మైక్రోస్కోపు చిత్రాలు చూపించారు. మామూలు గడ్డా, క్యాన్సర్ గడ్డా అన్నది సరిగ్గా ముక్కుతో పొడిచి చెబితే గింజలు పెట్టారు. రెండు వారాల్లో వాటి జవాబులు సుమారు 85 శాతం సరైనవిగా తేలాయి. అంతకుముందు చూడని చిత్రాలను కూడా గుర్తుపట్టాయి. కొన్ని పావురాల ఓట్లు కలిపి లెక్కిస్తే కచ్చితత్వం 99 శాతానికి చేరింది.

అసలు పాఠం ఆ తర్వాత ఉంది. మామోగ్రామ్‌లో గడ్డ మంచిదా చెడ్డదా చెప్పమంటే, నేర్పిన బొమ్మలను బట్టీ పట్టాయి తప్ప కొత్త బొమ్మ వస్తే తెల్లమొహం వేశాయి. ఏఐ సాఫ్ట్‌వేర్‌కు పెట్టే అసలు పరీక్ష కూడా ఇదే. నేర్పిన బొమ్మల మీద వచ్చే మార్కులను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వేరే ఊళ్లో, వేరే మెషీన్ మీద తీసిన కొత్త బొమ్మను చదవగలిగితేనే పాసైనట్టు.

ఊపిరితిత్తిలో గొరిల్లా

అయితే మనిషి కన్నే నయం అనుకుంటున్నారా? 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూడండి. హార్వర్డ్‌కు చెందిన పరిశోధకులు ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లలో ఒకదానిలో చిన్న గొరిల్లా బొమ్మను అతికించారు. 24 మంది రేడియాలజిస్టులను పిలిచి క్యాన్సర్ గడ్డలు వెతకమన్నారు. సగటు గడ్డ కంటే ఆ గొరిల్లా 48 రెట్లు పెద్దది. అయినా వారిలో 83 శాతం మందికి అది కనపడలేదు. కనుపాపల కదలికలు పరిశీలిస్తే, చూడనివారిలో ఎక్కువమంది చూపు సరిగ్గా దాని మీదే వాలినట్టు తేలింది.

వారు చేతకానివారు కాదు. మెదడు దేన్ని వెతకమంటే కన్ను దాన్నే వెతుకుతుంది. ఛాతీ నొప్పికి తీసిన స్కాన్‌లో పక్కన ఉన్న వెన్నుపూస పగులు కొన్నిసార్లు తప్పిపోయేది ఇందుకే. రోజూ వందల స్కాన్‌లు చూసే డాక్టరు పక్కన అలసట తెలియని రెండో చూపు ఉండాలన్న కోరికకు మూలం ఇక్కడుంది.

ఏఐకి చదువు చెప్పిన కళ్లు మనవే

షుగర్ జబ్బు ముదిరితే కంటి లోపలి రెటీనా పొర దెబ్బతింటుంది. ఫొటో తీస్తే మొదట సూదిమొన చుక్కల్లాంటి ఎర్రటి చుక్కలు, తర్వాత రక్తపు మరకలు, పసుపు మచ్చలు కనపడతాయి. చూపు తగ్గినట్టు పేషెంటుకు అనిపించే సమయానికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. 2016లో గూగుల్ బృందం ఈ జబ్బును పట్టే ప్రోగ్రామ్‌ను ప్రకటించింది. దానికి నేర్పడానికి వాడిన రెటీనా ఫొటోలు 1,28,175. అమెరికా చిత్రాలతో పాటు మన దేశంలోని అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ కంటి ఆసుపత్రుల చిత్రాలూ అందులో ఉన్నాయి.

ఒక్కో ఫొటోను 54 మంది కంటి డాక్టర్ల బృందంలో ముగ్గురు నుంచి ఏడుగురు దాకా విడివిడిగా చూసి మార్కులు వేశారు. అంతమంది ఎందుకంటే, ఒకే ఫొటో మీద ఇద్దరు నిపుణుల మాట కలవకపోవడం మామూలే. ఏఐ ‘సరైన జవాబు’ అంటున్నది చివరికి కొందరు డాక్టర్ల మెజారిటీ మాట అని గుర్తుంచుకోవాలి.

కంటి ఫొటోలో వయసు, ఆడామగా!

రెటీనా ఫొటో చూసి అది ఆడవారిదో మగవారిదో కంటి డాక్టర్లు చెప్పలేరు. 2018లో గూగుల్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో సాఫ్ట్‌వేర్ చెప్పేసింది. వయసును సగటున మూడేళ్ల చిల్లర తేడాతో పట్టేసింది. పొగ తాగే అలవాటునూ, బీపీ ఏమాత్రం ఉందన్నదీ కొంతవరకు అంచనా వేసింది. రెటీనాలోని రక్తనాళాలు శరీరం కోయకుండా బయటినుంచే నేరుగా చూడగలిగేవి. గుండె జబ్బు ముప్పు జాడలు అక్కడ వెతకవచ్చన్న ఆశకు ఈ పరిశోధన ఊపిరి పోసింది.

డాక్టరు లేకుండా రిపోర్టు

చాలా ఏఐ సాఫ్ట్‌వేర్లు డాక్టరుకు సలహా ఇచ్చి ఆగిపోతాయి. 2018 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన ఐడీఎక్స్-డీఆర్ మాత్రం తానే తేల్చి చెబుతుంది. షుగర్ పేషెంటు కంటి ఫొటో తీస్తే ‘స్పెషలిస్టు దగ్గరికి వెళ్లండి’ అనో, ‘ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి’ అనో ఫలితం వస్తుంది. కంటి డాక్టరు ఆ ఫొటో చూడాల్సిన పనిలేదు.

2022లో లిథువేనియా కంపెనీ ఆక్సిపిట్ తయారుచేసిన ఛెస్ట్‌లింక్‌కు యూరప్‌లో ఇలాంటి అనుమతే దొరికింది. ఏ తేడా లేదని గట్టి నమ్మకం కుదిరిన ఛాతీ ఎక్స్‌రేలకే అది సొంతంగా ‘నార్మల్’ రిపోర్టు ఇస్తుంది. ఏ చిన్న అనుమానం ఉన్నా రేడియాలజిస్టుకు వదిలేస్తుంది.

టీబీ క్యాంపులో మార్కులు

ఏఐ మనకు బాగా పనికొచ్చే చోటు ఇదే. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశానివే. 15 ఏళ్లు దాటినవారి ఛాతీ ఎక్స్‌రేలను టీబీ కోసం వడపోయడానికి మనిషికి బదులు సాఫ్ట్‌వేర్ వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్చిలో సిఫార్సు చేసింది. ముంబైకి చెందిన క్యూర్ డాట్ ఏఐ, కొరియా కంపెనీ లూనిట్, నెదర్లాండ్స్‌కు చెందిన డెల్ఫ్ట్ ఇమేజింగ్ ఈ రంగంలో పేరున్నవి. 2024 డిసెంబరులో మన దేశంలో మొదలైన వంద రోజుల టీబీ కార్యక్రమంలో చేత్తో పట్టుకునే ఎక్స్‌రే మెషీన్లను ఊళ్లలోకి తీసుకెళ్లారు.

క్యాంపులో జరిగేది ఇది. పేషెంటు ప్లేటుకు ఛాతీ ఆనించి నిలబడి ఊపిరి బిగబడతారు. పెద్ద కెమెరా అంత మెషీన్‌తో టెక్నీషియన్ బొమ్మ తీస్తారు. నిమిషం గడిచేలోపే ల్యాప్‌టాప్ తెరమీద ఊపిరితిత్తుల బొమ్మ, అనుమానం ఉన్న చోట రంగు మరక, పక్కన ఒక స్కోరు వచ్చేస్తాయి. ఆ స్కోరు ఒక గీత దాటితే తెమడ తీసుకుని ట్రూనాట్, సీబీనాట్ లాంటి పరీక్షకు పంపుతారు.

ఆ గీత ఎక్కడ గీయాలన్నది యంత్రం నిర్ణయించదు. కిందికి గీస్తే తప్పిపోయే రోగులు తగ్గుతారు కానీ ల్యాబ్ మీద భారం పెరుగుతుంది. పైకి గీస్తే ఖర్చు తగ్గుతుంది, కొందరు రోగులు చేజారిపోతారు. ఎంతమందికి పరీక్ష చేయగలమో చూసుకుని ఆరోగ్యశాఖ వారే దాన్ని నిర్ణయించాలి. ఇంకో సంగతి: పాత టీబీ మచ్చను చూసి కూడా సాఫ్ట్‌వేర్ ఎక్కువ మార్కులు వేయగలదు. కాబట్టి స్కోరు వచ్చినంత మాత్రాన టీబీ ఉందని కాదు. తెమడ పరీక్షే తేల్చాలి.

యంత్రం కాపీ కొట్టింది

న్యుమోనియాను పట్టే ఒక ప్రోగ్రామ్‌ను మూడు అమెరికా సంస్థల ఎక్స్‌రేలతో పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. నేర్చుకున్న చోట బాగా చదివిన ప్రోగ్రామ్ బయటి ఆసుపత్రి ఎక్స్‌రేలు ఇస్తే చాలాసార్లు తడబడింది. ఎందుకా అని తవ్వితే అసలు గుట్టు బయటపడింది. ఎక్స్‌రే మూలన టెక్నీషియన్ పెట్టే లోహపు గుర్తు, బొమ్మ తీసిన తీరు చూసి అది ఏ ఆసుపత్రిదో ప్రోగ్రామ్ కనిపెట్టేసింది. న్యుమోనియా రోగులు ఎక్కువగా వచ్చే ఆసుపత్రి అయితే చాలు, ‘న్యుమోనియా’ వైపు మొగ్గింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే న్యూమోథొరాక్స్ జబ్బును పట్టే ఒక ప్రోగ్రామ్, ఆ గాలి తీయడానికి అప్పటికే డాక్టర్లు వేసిన గొట్టాన్ని చూసి జబ్బును ‘కనిపెట్టింది’. వైద్యం మొదలైన పేషెంటుకు జబ్బుందని చెప్పడం వల్ల లాభమేముంది? చర్మ క్యాన్సర్ ఫొటోల్లోనైతే అనుమానం ఉన్న మచ్చ పక్కన డాక్టర్లు స్కేలు పెట్టి ఫొటో తీస్తారు. స్కేలు కనిపిస్తే క్యాన్సర్ అనేలా ప్రోగ్రామ్ తయారైంది.

కోవిడ్ కాలపు హడావుడి

2020లో ఎక్స్‌రే, సీటీ చూసి కోవిడ్ చెప్పేస్తామంటూ పరిశోధనా పత్రాలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. కేంబ్రిడ్జ్ పరిశోధకుల నాయకత్వంలో ఒక బృందం 2,212 అధ్యయనాలను జల్లెడ పట్టి, వాటిలో 62 పత్రాలను లోతుగా పరిశీలించింది. ఆసుపత్రిలో వాడదగ్గది ఒక్కటీ లేదని 2021లో తేల్చింది. ఒక లోపం మరీ విచిత్రం. కోవిడ్ రోగుల ఎక్స్‌రేలు పెద్దవారివి. పోల్చడానికి చాలామంది వాడినవేమో చైనాలోని ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లల ఎక్స్‌రేలు. ప్రోగ్రామ్ నేర్చుకున్నది పెద్దల ఛాతీకీ పిల్లల ఛాతీకీ తేడా!

మామోగ్రామ్: ఒకసారి బోర్లా పడి, మళ్లీ లేచి

మామోగ్రామ్‌లో అనుమానపు చోట్ల గుర్తులు పెట్టే సాఫ్ట్‌వేర్‌కు అమెరికా 1998లోనే అనుమతి ఇచ్చింది. అది చకచకా చాలా ఆసుపత్రులకు పాకింది. తీరా 2007లో పెద్ద అధ్యయనం చేస్తే పట్టుకున్న క్యాన్సర్లు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు, అనవసరపు బయాప్సీలు మాత్రం పెరిగాయి. 2015లో మరో అధ్యయనం కూడా దానివల్ల మేలు కనపడలేదనే చెప్పింది.

కొత్త తరం ఏఐ కథ వేరు. స్వీడన్‌లో మాసై పేరుతో లక్షకు పైగా మహిళలపై ట్రయల్ నడిచింది. అక్కడ ప్రతి మామోగ్రామ్‌ను ఇద్దరు రేడియాలజిస్టులు చూడటం ఆనవాయితీ. ట్రయల్‌లో ఏఐ ఒక్కో మామోగ్రామ్‌కు 1 నుంచి 10 దాకా మార్కులు వేసింది. 10 వచ్చినవాటిని ఇద్దరు, మిగతావాటిని ఒక్కరే చూశారు. 2025లో వెలువడిన ఫలితాల ప్రకారం 29 శాతం ఎక్కువ క్యాన్సర్లు దొరికాయి. అనవసరంగా వెనక్కి పిలిపించిన వారి సంఖ్య పెద్దగా పెరగలేదు. డాక్టర్లు చదవాల్సిన భారం 44 శాతం తగ్గింది. తేడా ఎక్కడుందో గమనించారా? ఏఐ డాక్టరు కుర్చీలో కూర్చోలేదు. ఎవరి బొమ్మకు ఎక్కువ సమయం ఇవ్వాలో చెప్పింది.

నిమిషానికి 19 లక్షల కణాలు

మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వస్తే, వైద్యం అందేదాకా నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని 2006లో లెక్కగట్టారు. స్కాన్ తీశాక అది వరసలో ఉండి రేడియాలజిస్టు చేతికి వచ్చేలోపు అమూల్యమైన సమయం పోతుంది. 2018 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ అనుమతి పొందిన విజ్ డాట్ ఏఐ సాఫ్ట్‌వేర్ ఆ స్కాన్‌ను వెంటనే చూసి, నాళం మూసుకుపోయినట్టు అనుమానం వస్తే స్పెషలిస్టు ఫోన్‌కే హెచ్చరిక పంపుతుంది.

కానీ పేషెంటు ఆసుపత్రికి చేరితేనే కదా ఇవన్నీ! మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా పసరు మందులంటూ తిరగకుండా 108కి ఫోన్ చేయండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా ఉన్న గడువు నాలుగున్నర గంటలే.

బొమ్మ చదవడమే కాదు, గీస్తుంది కూడా

ఎంఆర్ఐ గొట్టంలో కదలకుండా పడుకోవడం ఎంత కష్టమో అనుభవించినవారికి తెలుసు. 2018లో ఫేస్‌బుక్, న్యూయార్క్ విశ్వవిద్యాలయం ఫాస్ట్ఎంఆర్ఐ పేరుతో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాయి. యంత్రం నాలుగో వంతు సమాచారమే సేకరిస్తుంది, మిగతాది ఏఐ పూరిస్తుంది. 2020లో మోకాలి స్కాన్‌లతో పరీక్షిస్తే రేడియాలజిస్టుల రోగనిర్ధారణలో తేడా రాలేదు. సీటీలో కూడా తక్కువ రేడియేషన్‌తో తీసిన మసక బొమ్మను ఏఐ శుభ్రం చేస్తోంది.

ఇందులో ఒక ప్రమాదం పొంచి ఉంది. పూరించే క్రమంలో లేని గీతను గీయవచ్చు, ఉన్న చిన్న పగులును చెరిపేయవచ్చు. ఈ ప్రాజెక్టు కింద నడిపిన పోటీలోనే అలాంటి కల్పిత గీతలు కనపడ్డాయి.

ల్యాబ్‌లో ఫస్టు, క్లినిక్‌లో తడబాటు

షుగర్ కంటి జబ్బును పట్టే గూగుల్ ప్రోగ్రామ్‌ను థాయిలాండ్‌లోని 11 క్లినిక్కుల్లో వాడి చూసి, ఆ అనుభవాలను 2020లో ప్రచురించారు. నర్సులు తీసిన 1,838 ఫొటోల్లో 21 శాతాన్ని నాణ్యత లేదని సాఫ్ట్‌వేర్ తిరస్కరించింది. కారణం చిన్నదే. కనుపాప బాగా విచ్చుకోవాలంటే గది చీకటిగా ఉండాలి, చాలా క్లినిక్కుల్లో అలాంటి గది లేదు. ఫొటో పంపాలంటే నెట్ నెమ్మది. తిరస్కరించిన ఫొటో ఉన్న పేషెంటు ఇంకో రోజు సెలవు పెట్టుకుని వేరే ఆసుపత్రికి వెళ్లాలి. మన పీహెచ్‌సీల్లో ఏఐ పెట్టాలనుకునేవారు ముందు కిటికీ కర్టెన్లు, కరెంటు, నెట్ సంగతి చూడాలి.

మంత్రసాని చేతిలో అల్ట్రాసౌండ్

గర్భిణికి ఎన్ని వారాలో తెలియకపోతే కాన్పు ముందొచ్చిందో, సమయానికే వచ్చిందో చెప్పలేం. శిక్షణ పొందిన స్కానింగ్ నిపుణులు ప్రతి ఊళ్లో దొరకరు. జాంబియా, అమెరికా పరిశోధకులు దీనికో దారి కనుక్కున్నారు. పొట్ట మీద ప్రోబ్‌ను కొన్ని నిర్ణీత దిశల్లో జరిపితే చాలు, తెర చూడక్కర్లేదు. ఏఐ వారాలు లెక్కగడుతుంది. అంతకుముందు స్కానింగ్ అనుభవమే లేనివారు బ్యాటరీతో నడిచే చవక ప్రోబ్‌తో చేసినా నిపుణుల స్కానింగ్‌తో సమానంగా వచ్చిందని 2024లో ప్రచురించారు.

మన దగ్గర మాత్రం ఒక చట్టం గుర్తుపెట్టుకోవాలి. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం పుట్టబోయేది ఆడో మగో ఏ పద్ధతిలో తెలిపినా నేరమే.

యంత్రం చెప్పిందని తలూపితే...

2023లో ప్రచురితమైన ఒక జర్మన్ అధ్యయనంలో 27 మంది రేడియాలజిస్టులకు 50 మామోగ్రామ్‌లు ఇచ్చారు. ‘ఏఐ చెప్పింది’ అంటూ కొన్నింటికి కావాలనే తప్పు సలహా జతచేశారు. సలహా సరైనదైతే కొత్తవారు దాదాపు 80 శాతం సరిగ్గా చెప్పారు. తప్పుదైతే అది 20 శాతం దరిదాపులకు పడిపోయింది. బాగా అనుభవమున్నవారు కూడా 82 నుంచి 45 శాతానికి దిగారు. యంత్రం మీద నమ్మకం కుదిరాక మన కన్ను మనమే మూసుకుంటాం. అందుకే కొన్నిచోట్ల డాక్టరు తన అభిప్రాయం రాసేశాకే ఏఐ మాట చూపించే పద్ధతి పెట్టుకుంటున్నారు.

ఎక్స్‌రేలో జాతి గుర్తు!

ఛాతీ ఎక్స్‌రే చూసి పేషెంటు నల్లజాతివారో తెల్లజాతివారో డాక్టరు చెప్పలేరు. ఎమొరీ విశ్వవిద్యాలయానికి చెందిన జూడీ గిచోయా బృందం 2022లో ప్రచురించిన అధ్యయనంలో ఏఐ చెప్పేసింది. బొమ్మను మసకబార్చినా పట్టేసింది. దేన్ని చూసి పడుతోందో పరిశోధకులు తేల్చలేకపోయారు. అంటే ఒక వర్గం వారికి ఇప్పటిదాకా జరిగిన అన్యాయాన్ని ఏఐ ఎవరికీ తెలియకుండా కొనసాగించే వీలుంది. విదేశీ ఎక్స్‌రేలతో పెరిగిన సాఫ్ట్‌వేర్‌ను కొనేముందు ‘మావాళ్ల మీద పరీక్షించారా?’ అని అడగడం మన ఆసుపత్రుల హక్కు.

హైదరాబాద్ జాడ

1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థతో కలిసి మైక్రోసాఫ్ట్ 2016లో కంటి వైద్యంలో ఏఐ కోసం ఒక అంతర్జాతీయ కూటమిని ప్రకటించింది. 2024లో గూగుల్, అపోలో రేడియాలజీ ఇంటర్నేషనల్ కలిసి టీబీ, ఊపిరితిత్తుల క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్‌ల కోసం పదేళ్లలో 30 లక్షల ఉచిత ఏఐ స్క్రీనింగ్‌లు చేస్తామని చెప్పాయి. చట్టం విషయానికొస్తే 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో రోగనిర్ధారణ సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరాల కిందకే వస్తోంది.

తప్పిన జోస్యం

2016లో ఏఐ దిగ్గజం జెఫ్రీ హింటన్ ఒక సభలో, ఇక రేడియాలజిస్టులను తయారుచేయడం ఆపేయాలని, ఐదేళ్లలో యంత్రమే మించిపోతుందని అన్నారు. 2024లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. రేడియాలజిస్టులు మాత్రం ఎక్కడికీ పోలేదు. అమెరికా లాంటి దేశాల్లో ఇప్పటికీ వారికి కొరతే. మరోపక్క ఎఫ్‌డీఏ అనుమతించిన ఏఐ వైద్య పరికరాల జాబితా వెయ్యి దాటింది. వాటిలో దాదాపు మూడొంతులు రేడియాలజీవే. రెండూ ఒకేసారి నిజమయ్యాయి. రేడియాలజిస్టు పని బొమ్మలో మచ్చ వెతకడంతో ముగియదు. పాత స్కాన్‌తో పోల్చాలి, దగ్గు ఎన్నాళ్లదో అడగాలి, సర్జన్‌తో మాట్లాడాలి, చివరికి బాధ్యత తీసుకుని సంతకం పెట్టాలి.

ఇక మీ వంతు

ఏఐ వచ్చినా పేషెంటుగా మీరు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. పాత ఎక్స్‌రేలు, స్కాన్‌లు పారేయకండి. కొత్తది తీయించుకునేటప్పుడు వెంట తీసుకెళ్లండి. మచ్చ పెరిగిందా, అలాగే ఉందా అన్నది పాతది పక్కన పెడితేనే తెలుస్తుంది. ఫిల్మ్‌తో పాటు సీడీనో, డిజిటల్ ఫైలో అడిగి తీసుకోండి. ఫిల్మ్‌కు ఫోన్‌తో తీసిన ఫొటోలో మొదట చెప్పుకున్న ఆ అంకెలు మిగలవు. అలాంటి ఫొటోను ఏదో యాప్‌లో పెట్టి వచ్చిన జవాబుతో మందులు మొదలుపెట్టడమో, మానేయడమో అసలే వద్దు. మీ బాధ ఏమిటో, ఎన్నాళ్లనుంచో స్కానింగ్ సెంటర్‌లో దాచకుండా చెప్పండి. రిపోర్టు చేతికి రాగానే కింద డాక్టరు పేరు, సంతకం ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ‘దీన్ని ఏ డాక్టరు చూశారు?’ అని మొహమాటపడకుండా అడగండి.